లీటరుకు తొమ్మిది

కరెంటు పోయి బట్ట నేసే ఇరవై నాలుగు సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయిన సమయంలో దత్తాత్రి ఆ మాటన్నాడు. అందుకే కార్ఖానాలో అందరికీ వినపడింది.

"లీటరుకు తొమ్మిది కిలోమీటర్లా? పదహారు ఇచ్చిన బండి అది! మిగిలిన పెట్రోలు ఎవల బాటిల్లల్లకు పోతున్నది మార్తా?"

శాంతి నగర్‌లోని ఆ కార్ఖానా భీమ్‌రావు సేటుది. దత్తాత్రి ఆయన బామ్మర్ది, కొనుగోళ్లన్నీ అతనే చూస్తాడు. మార్త సేటు కారు డ్రైవరు. నాలుగేళ్లుగా ఆయన్ని నార్పోలిలోని ఇంటి నుంచి కార్ఖానాకూ, అక్కణ్ణుంచి కాల్హేర్‌లోని గోదాముకూ తిప్పుతోంది. మోకాళ్లు పట్టేసి సేటు క్లచ్చి తొక్కలేడు. కారు వయసు పదిహేడేళ్లు. అమ్మితే వచ్చేదేమీ లేదు గనక ఉంచుకున్నారు.

సాంచెల మధ్య నిలబడ్డ మగవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు మార్త వైపే చూశారు. గుమ్మం దగ్గర నీళ్లు తాగుతున్న ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నేను పెట్రోలు అమ్ముకుంటున్ననా?"

"నేను గట్లన్ననా? లెక్క అంటున్నది."

"లెక్కకు నోరు లేదు దత్తాత్రన్నా. నీకున్నది. నీ నోట్లకెళ్లి వచ్చిన మాట నువ్వే వాపస్ తీస్కుంటవ్ సూడు."

సేటు ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అవసరమున్నదంటె నేనే ఇస్తుంటి గద మార్తా. నిజం చెప్పు. నేనేమనను. మాఫ్ చేస్త."

దత్తాత్రి కేకకన్నా ఆ మెత్తని మాటే ఆమెకు ఎక్కువ తగిలింది. నాలుగేళ్లలో సేటు కారులో మరచిపోయిన సంచులు, ఫోను, ఒకసారి ఆయన భార్య మెడలోంచి తెగి సీటు సందులో పడ్డ గొలుసు, అన్నీ తెచ్చి ఇచ్చింది తనే.

"తప్పు చేసినోళ్లకు మాఫీ సేటూ. నాకెందుకు? బండి ఎందుకు తాగుతున్నదో నేను చూపిస్త. చూపించినంక మాట్లాడుదాం."

"చూపియ్యకపోతె?"

"చూపిస్త" అంది మళ్లీ, అంతే.

మార్త ఉండేదీ నార్పోలిలోనే. ఆ సాయంత్రం ఆమె గదికి చేరేసరికి తండ్రి ఏసుదాసు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఆయన ముప్పై ఎనిమిదేళ్లు సాంచెలు బాగుచేసిన జాబరు. ఆ చప్పుడులో రెండు చెవులూ పోయాయి. ఎదురుగా కూర్చుని పెదవులు కదిలిస్తే అర్థం చేసుకుంటాడు. మార్త జరిగిందంతా చెప్పింది. చెబుతున్నప్పుడు ఏడుపు రాలేదు, దవడలు నొప్పి పుట్టేంత కోపం వచ్చింది.

"పొద్దుగాలనే ఇమ్మానుయేల్ గ్యారేజీకి తీస్కపోత బాపూ. ఏమున్నదో చూసి బాగుచేయిస్త. యావరేజి పెరిగితె గాయన నోరు మూతవడ్తది."

ఏసుదాసు కత్తి పక్కన పెట్టాడు.

"పిచ్చిదానా. రేపు బాగుచేయిస్తె ఎల్లుండి యావరేజి పెరుగుతది. పెరిగితె ఏమంటరు? పట్టువడంగనే దొంగతనం బందు వెట్టింది అంటరు. నీ చేతులతోనే నీ మెడకు తాడు ఏసుకున్నట్టు."

మార్తకు ఆ మాట తట్టనే లేదు.

"ఒక్క నట్టు ముట్టకు" అన్నాడు ఆయన. "ముందు కొలువు. సేటును పక్కన కూసోవెట్టుకొని కొలువు. చెడిపోయిన సాంచెను చెడిపోయినట్టే నడిపి చూడాలె. అప్పుడే జబ్బు బయటవడ్తది."

మర్నాడు పొద్దున సేటు కారెక్కగానే మార్త నేరుగా పెట్రోలు పంపుకు తీసుకెళ్లింది. ట్యాంకు నింపించింది. పంపు తనంతట తాను ఆగేదాకా పోయించి, అక్కడితో చాలంది. మీటరు అంకె సేటుతోనే రాయించింది. ట్యాంకు మూత తాళంచెవి గుత్తి నుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నీ జేబుల ఉంచుకో సేటూ. రెండు రోజులు. పొద్దుమూకినంక బండి నీ ఇంటి ముంగటనే పెడ్త. నేను నడుచుకుంట పోత."

"ఇదంతా ఎందుకు మార్తా?" అన్నాడు సేటు ఇబ్బందిగా.

"నిన్న నువ్వు మాఫ్ చేస్తనంటివి గద. గందుకే."

రెండు రోజులు ఎప్పటి దారుల్లోనే తిరిగారు. మూడో రోజు పొద్దున అదే పంపులో, అదే గొట్టం దగ్గర, మళ్లీ అది తనంతట ఆగేదాకా పోయించింది. నూట ఎనిమిది కిలోమీటర్లకు పన్నెండు లీటర్లు పట్టింది. సేటు ఫోనులో లెక్క వేసుకున్నాడు, నమ్మకం కలగక మళ్లీ వేసుకున్నాడు. సరిగ్గా తొమ్మిది.

"తాళంచెవి నీ జేబులనే ఉండె గద సేటూ?"

ఆయన జేబు తడుముకుని తలూపాడు.

కార్ఖానాలో ఆ లెక్క చూపిస్తే దత్తాత్రి నవ్వాడు. "అయితె నడిపే తీరే గట్లున్నది. ఆడోళ్లు క్లచ్చి మీది కాలు తియ్యరు. పెట్రోలు తాగక ఏం చేస్తది?"

ఆ మాట వస్తుందని మార్తకు తెలుసు. కారు తాళం అతని ముందు పెట్టింది.

"రేపు నువ్వు నడుపు. ట్యాంకు తాళం సేటు దగ్గర్నే ఉంటది. నేను వెనక సీట్ల కూసుంట."

కాదనడానికి దత్తాత్రికి దారి లేకపోయింది. బావ చూస్తున్నాడు, గుమ్మంలో ఇద్దరు ముగ్గురు పనివాళ్లూ నిలబడ్డారు. మర్నాడంతా అతనే నడిపాడు. కాల్హేర్ రోడ్డులో ట్రెయిలర్ల మధ్య ఇరుక్కుని హారన్ కొట్టాడు, తిట్టాడు, ఖాళీ కనపడితే చాలు యాక్సిలరేటర్ నేలకు తొక్కాడు. మార్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సాయంత్రం పంపు దగ్గర లెక్క తేలింది. లీటరుకు ఎనిమిదిన్నర.

దత్తాత్రి ఆటో పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు పానా పట్టుకుందాం" అన్నాడు ఏసుదాసు, కూతురు వచ్చి సంగతి చెప్పగానే.

ఆదివారం ప్రార్థన అయ్యాక తండ్రీ కూతుళ్లు కారును ఊరి బయట చదునైన రోడ్డు మీదికి తీసుకెళ్లారు. సేటు కూడా వచ్చాడు, మార్తే రమ్మంది. కొంత వేగం అందుకున్నాక గేరు తీసేసి బండిని దాని మానాన వదిలింది. అంత చదును మీద చాలా దూరం దొర్లాల్సిన కారు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు కాసేపట్లోనే ఆగిపోయింది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే.

ఏసుదాసు దిగి నాలుగు చక్రాల దగ్గరా వంగి మధ్యభాగాన్ని అరచేత్తో తాకాడు. మూడు చక్రాల దగ్గర చెయ్యి అలాగే ఉంచాడు. నాలుగోది, వెనక ఎడమ చక్రం దగ్గర, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"బ్రేకు పట్టుకున్నది" అన్నాడు గట్టిగా. చెవుడు గనక ఆయన మాట ఎప్పుడూ గట్టిగానే వస్తుంది. "సేటూ, నువ్వు గూడ చెయ్యి వెట్టి చూడు."

సేటు వేలు తాకించి ఉఫ్ఫని ఊదుకున్నాడు.

ఇమ్మానుయేల్ వాళ్ల చర్చి సంఘంలోని వాడే. చిన్న గ్యారేజీ, పని నెమ్మది. సోమవారం డ్రమ్ము విప్పి చూపించాడు. హ్యాండ్‌బ్రేకు తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లివరు కిందికి దించినా లోపల బ్రేకు మాత్రం వదలడం లేదు. కారు రోజూ ఒక చక్రాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతోందన్నమాట. టైర్లలో గాలి ఉండాల్సినదానికన్నా చాలా తక్కువుంది. గాలి ఫిల్టరు బయటికి తీస్తే అందరికీ నవ్వొచ్చింది. కారును రోజూ కార్ఖానా కిటికీ కింద నిలపడం వల్ల దూది నూగు దట్టంగా పేరుకుని, కుట్టి పెట్టిన చిన్న పరుపులా ఉంది.

"అన్నీ ఒక్కసారే మార్చెయ్యాల్నా?" అడిగాడు ఇమ్మానుయేల్.

"వద్దు. ఒక్కొక్కటే" అంది మార్త. "ఏది ఎంత తాగుతున్నదో తెల్వాలె."

బ్రేకు తీగ మార్చి కొలిచి, టైర్లలో గాలి కొట్టించి మళ్లీ కొలిస్తే పదకొండున్నర వచ్చింది. ఫిల్టరు మార్చినా పెద్దగా పెరగలేదు, పన్నెండు దాటలేదు. సేటు అదే చాలన్నట్టు చూశాడు. మార్తకు చాల్లేదు. ఆ రాత్రి పడుకుని, ఈ ఏడాదంతా బండి ఎలా నడిచిందో ఒక్కో సంగతీ గుర్తు చేసుకుంది. చలికాలం పొద్దుటిపూట నుంచి మొన్నటి వరకు, ఎంత దూరం నడిపినా ఇంజను వేడి చూపించే ముల్లు అడుగునే ఉంటోంది. బండి చల్లగా ఉందని ఇన్నాళ్లూ సంతోషపడింది.

తెల్లారి సేటుతో పాటు గ్యారేజీకి వెళ్లి అదే మాట ఇమ్మానుయేల్‌కు చెప్పింది. అతను వెంటనే రేడియేటరుకు పోయే గొట్టం విప్పాడు. వేలు లోపలికి పెట్టి తిప్పాడు.

"ఖాళీ! ఈడ థర్మోస్టాట్ ఉండాలె. ఇంజను వేడెక్కేదాక నీళ్లను ఆపే చిన్న వాల్వు. ఎవలో పీకి పారేసిన్రు. ఇంజను వేడే ఎక్కకపోతె, ఇంకా చల్లగనే ఉన్న అనుకుంట అది పొద్దంత ఎక్కువ పెట్రోలు పోస్తది అక్కా."

మార్త సేటు వైపు తిరిగింది. "పోయిన మే నెలల కాల్హేర్ జామ్‌ల బండి వేడెక్కింది, యాదికున్నదా? రేడియేటరు మార్చాలె అంటె ఖర్చని, దత్తాత్రన్న తనే రోడ్డు పక్క మెకానిక్ దగ్గరికి తీస్కపోయిండు."

సేటు అప్పుడే బామ్మర్దికి ఫోను చేశాడు. దత్తాత్రి గొంతు బయటికే వినపడింది. "అవును, తీసేయించిన. వేడి తగ్గింది గద బావా! పెట్రోలు పెరుగుతదని నాకేమెరుక?"

కొత్త వాల్వు వేసి, కారుతున్న రేడియేటరు అతికించాక మళ్లీ రెండు రోజులు కొలిచారు. పద్నాలుగున్నర. పాత పదహారు రాలేదు. పదిహేడేళ్ల ఇంజను అంతకన్నా ఇవ్వదని ఇమ్మానుయేల్ చెప్పేశాడు.

ఆఫీసు గదిలో భీమ్‌రావు సేటు మార్తను మెచ్చుకున్నాడు. జీతం పెంచుతానన్నాడు. ఆమె కదలకుండా నిలబడింది.

"దత్తాత్రన్న ఆ మాట అందరి ముంగట అన్నడు. అందరి ముంగటనే తప్పైందనాలె."

సేటు ముఖం ముడుచుకున్నాడు. "పోనియ్ మార్తా. ఇంట్ల తకరార్ అయితది. నాకు తెలుసు, నీకు తెలుసు. చాలదా?"

"కండెలు చుట్టే దుర్గవ్వకు తెల్వద్దా? ఆమె నిన్న నన్ను చూసి తన సంచి దగ్గరికి జరుపుకున్నది సేటూ. నేను చూసిన."

మార్త కారు తాళం బల్ల మీద పెట్టింది.

"బండి బాగైంది. నా పేరు ఇంకా బాగుగాలె. అయినంక పిలువు."

ఇంట్లో ఇద్దరు మనుషుల తిండి ఆ జీతం మీదే నడుస్తుంది. తండ్రి మాత్రం విని, మంచి పని చేశావని ఆమె తల మీద చెయ్యి వేశాడు. మర్నాడే ఆమె కాల్హేర్‌లో ఒక గోదాము టెంపో నడపడానికి వెళ్లింది. గేరు మొరాయించే బండి, నడుం విరిగే పని. రెండో రోజుకు భుజాలు పట్టేశాయి. అయినా సేటు ఇంటి సందులోంచి వెళ్లలేదు, ఫోనూ చేయలేదు.

నాలుగో రోజు పొద్దున సేటే ఫోను చేశాడు. "ఒకసారి కార్ఖానాకు రా."

ఆమె వెళ్లేసరికి షిఫ్టు మారుతోంది. రాత్రివాళ్లు వెళ్లలేదు, పగటివాళ్లు వచ్చేశారు. సేటు మెయిన్ స్విచ్చి తనే కట్టేశాడు. అంతమంది మధ్య ఆయన మోకాళ్లు పట్టుకుంటూ ఒక బట్టల మూట మీద కూర్చుని, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. తాళంచెవి తన జేబులోనే ఉందనీ, తన కళ్లముందే బండి తొమ్మిదే ఇచ్చిందనీ, మార్త చుక్క పెట్రోలు ముట్టలేదనీ, తాను కూడా ఆమెను అనుమానించాననీ చెప్పాడు. తర్వాత బామ్మర్ది వైపు చూశాడు.

దత్తాత్రి నేల చూస్తూ, "గలతీ నాదే" అన్నాడు.

"ఏందన్నా? ఈ మూలకు వినపడలే" అంది మార్త.

ఎవరో కిసుక్కున నవ్వారు. దత్తాత్రి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి ఈసారి అందరికీ వినపడేలా అన్నాడు. "పెట్రోలు దొంగతనం జరగలే. నేను ఉత్తగనే అన్న. గలతీ నాది, మార్తా."

దుర్గవ్వ వచ్చి మార్త చెయ్యి పట్టుకుంది. మార్త చెయ్యి విడిపించుకోలేదు.

సేటు పదకొండింటికి గోదాములో ఉండాలి. మార్త తాళం తీసుకుని కారు బయటికి తీసింది. బండి మెయిన్ రోడ్డెక్కాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మార్తా, ఆ రోజు నేను మాఫ్ చేస్తనన్న మాట..."

"ఇప్పుడొద్దు సేటూ. ముంగట ట్రెయిలర్లున్నయ్."

ఆమె గేరు మార్చి బండిని కాల్హేర్ వైపు పోనిచ్చింది.