సెయింట్ బీగా తప్ప

యాభై మూడేళ్ళ వయసులో గ్లెనిస్ టిండేల్‌కి యూనివర్సిటీకి వెళ్ళాలనిపించింది. హార్టిల్‌పూల్‌లో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆవిడే. పక్క సీట్లో కూర్చుని, పాదం కిందున్న రెండో బ్రేకు తొక్కుతూ, ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ భయాన్నంతా తన కుడి మోకాలి మీద మోసింది. చివరికి ఆ మోకాలు మొరాయించింది. డాక్టరు బ్రేకు జోలికి పోవద్దన్నాడు. ఖాళీగా కూర్చోలేక సాయంత్రం క్లాసుల్లో చేరి చరిత్ర చదివింది. చదువు మోకాలిలా మొరాయించలేదు, బాగా వంటబట్టింది. యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకోమని అక్కడి పంతులమ్మే పట్టుబట్టింది.

దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ ఒక్కటే. నది వంపులో, కొండ మీద కెథడ్రల్ ఉన్న ఊళ్ళో ఉంది. గ్లెనిస్ కూతురు కెర్రీ మూడు వారాల కిందటే అక్కడ చేరింది.

ఆ యూనివర్సిటీతో ఒక తిరకాసు ఉంది. నేరుగా అందులో చేరడం కుదరదు. ముందు ఏదో ఒక కాలేజీ మనిషి కావాలి. పాఠాలు అన్ని కాలేజీల వాళ్ళకీ కలిపే చెబుతారు కాబట్టి కాలేజీకీ చదువుకీ పెద్దగా సంబంధం లేదు. కాలేజీ అంటే పడక, భోజనం, మఫ్లరు రంగు, ఇక జీవితాంతం తరగని పౌరుషం. దరఖాస్తులో మిగతావన్నీ నింపాక, ఏ కాలేజీ కావాలన్న చోట గ్లెనిస్ ఆగిపోయి కూతురికి ఫోన్ చేసింది.

"ఏదైనా పెట్టుకో అమ్మా," అంది కెర్రీ. "సెయింట్ బీగా మాత్రం వద్దు."

"ఎందుకే? నీకు బాగానే ఉందిగా?"

"నాకు బాగుంది కాబట్టే. పొద్దున్నే జుట్టు విరబోసుకుని టిఫినుకి దిగుతాను. అక్కడ నువ్వు కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించు."

"పద్దెనిమిదేళ్ళు ఇంట్లో అలాగే దిగావు కదే."

"అందుకే కదా అక్కడి నుంచి బయటపడింది."

భర్త క్లిఫ్ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఎంత బరువైన మాటనైనా తొణక్కుండా కిందికి దించుతాడు. "వచ్చే ఏడాది మీ అమ్మ వచ్చేసరికి నువ్వక్కడ ఉండవు కదమ్మా," అన్నాడు ఫోన్ వైపు వంగి. "రెండో ఏడాది మీరంతా బయట ఇల్లు తీసుకుంటారటగా."

"నేను లేకపోయినా అది నా కాలేజీయే నాన్నా."

మూడు వారాల్లో కాలేజీ సొంతమైపోయిన వైనం చూసి క్లిఫ్ కనుబొమలు ఎగరేసి మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ మాత్రం సరేనంది. నిజానికి ఆవిడ మనసులో ఉన్నది సెయింట్ బీగాయే. కొవ్వొత్తుల వెలుగులో నల్ల గౌన్లు వేసుకుని భోజనం చేసే ఆ పాత హాలుని కెర్రీని దించడానికి వెళ్ళినప్పుడు చూసింది. అప్పట్నుంచీ అది కళ్ళ ముందే ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

కాలేజీలు చూసుకోవడానికి శనివారం ఒకటి కేటాయించారు. తనే దగ్గరుండి చూపిస్తానంది కెర్రీ. తల్లి పొరపాటున కూడా సెయింట్ బీగా వైపు మళ్ళకుండా చూసుకోవడం కూడా అందులో ఒక భాగమే.

మొదటిది గ్రేంజ్‌ఫీల్డ్, వయసు పైబడినవాళ్ళ కాలేజీ. "నీకు ఇదే సరిపోతుంది, ప్రశాంతంగా ఉంటుంది," అంది కెర్రీ. ప్రశాంతానికి లోటు లేదు. హాల్లో ఎవరి ల్యాప్‌టాప్ వెనక వాళ్ళు కూర్చుని, ఎవరైనా కుర్చీ జరిపితే తలెత్తి చూస్తున్నారు. వంటగదిలో ప్రతి పాలడబ్బా మీదా పేరు రాసి ఉంది. ఒక డబ్బా మీద పేరు కింద హెచ్చరిక కూడా.

"ఎలా ఉంది?" అంది కెర్రీ బయటికొచ్చాక.

"డాక్టరు కోసం ఎదురుచూసే గదిలా ఉంది," అంది గ్లెనిస్. "నా పేరు పిలుస్తారేమోనని చూశాను."

తర్వాత నది దాటి థార్న్‌బరోకి వెళ్ళారు. కాంక్రీటు దిమ్మెలు పేర్చినట్టుంటుంది, ముందొక చెరువు, చెరువులో బాతులు. గుమ్మంలో పసుపు టీషర్టు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, కాలేజీ సంచీ కెర్రీ చేతిలో పెట్టింది, గ్లెనిస్‌కి కాఫీ టికెట్ ఇచ్చింది.

"తల్లిదండ్రులకి కాఫీ అటు గదిలో అండీ. మీ అమ్మాయి ఏం చదవాలనుకుంటోంది?"

"మా అమ్మాయి చదువుతూనే ఉంది. చేరాల్సింది నేను," అంది గ్లెనిస్.

ఆ అమ్మాయి నవ్వు మొహం మీదే ఉండిపోయింది కానీ కళ్ళు మాత్రం సాయం కోసం అటూ ఇటూ వెతికాయి. కెర్రీ ఎర్రబడ్డ మొహంతో సంచీ తల్లికిచ్చేసింది. కాఫీ టికెట్ మాత్రం గ్లెనిస్ తిరిగివ్వలేదు.

ఆ తర్వాత గదులు చూస్తున్నప్పుడు ఒక వింత జరిగింది. గ్లెనిస్ కిటికీలోంచి బాతుల్ని చూస్తుంటే కెర్రీ ప్రశ్నలు మొదలెట్టింది. చలికాలం గది వెచ్చగా ఉంటుందా? బట్టలుతికే మెషీన్లు పనిచేస్తాయా? లైబ్రరీ నుంచి వచ్చే దారిలో దీపాలున్నాయా? మా అమ్మకి మోకాలు నొప్పి, కింది అంతస్తులో ఇస్తారా? గొంతులో కాస్త దబాయింపు, కాస్త దిగులు. గ్లెనిస్ తిరిగి చూసింది. నిరుడు ఇవే ప్రశ్నలు తను అడిగిందని కెర్రీ ఇంటికెళ్ళేదాకా మాట్లాడలేదు. ఇప్పుడా మాట ఎత్తితే ఈసారి మాట్లాడకుండా ఉండేది మళ్ళీ తన కూతురేనని గ్లెనిస్ ఊరుకుంది.

ఇంతలో ఎవరో టోస్ట్ మాడ్చారు. అలారం మోగింది. దిమ్మెల్లోంచి జనం దుప్పట్లు కప్పుకుని, కాళ్ళకి ఒక చెప్పు ఉండి ఒకటి లేక, చేతుల్లో టీ కప్పులతో గడ్డి మీదికి వచ్చి నిలబడ్డారు. మాడ్చినవాడెవడో తేలగానే అందరూ చప్పట్లు కొట్టారు. వాడు నడుం వంచి దండం పెట్టాడు. ఎవరో గ్లెనిస్ భుజాల మీద ఒక దుప్పటి కప్పారు. ఇంకెవరో బిస్కెట్ ఇచ్చారు. ఎవరివి, ఎందుకొచ్చావు అని ఎవరూ అడగలేదు.

"ఇదే పెడతాను," అంది గ్లెనిస్ బస్టాపులో.

"థార్న్‌బరోనా? అమ్మా, అది చెత్త కాలేజీ. చూడ్డానికి కార్లు నిలిపే మేడలా ఉంటుంది. తెలిసినవాళ్ళెవరూ అది కోరుకోరు."

గ్లెనిస్‌కి తమ ఇంట్లో ఫ్రిజ్ తలుపు గుర్తొచ్చింది. నిరుడంతా దాని మీద థార్న్‌బరో బొమ్మ అతికించి ఉండేది. కెర్రీ కోరుకున్నది అదే. ఆగస్టులో సెయింట్ బీగా కేటాయించారని తెలిశాక గది తలుపేసుకుని ఏడ్చింది, అసలు చదువే వద్దంది. క్లిఫ్ తలుపు బయట కూర్చుని, రెండు చోట్లా అన్నం ఒకలాగే ఉంటుందిలే తల్లీ అని బతిమాలాడు.

"నువ్వు కూడా కోరుకున్నావనుకుంటా," అంది గ్లెనిస్ నెమ్మదిగా.

"అప్పుడు నాకేం తెలుసు," అంది కెర్రీ. ఆ మాటలో వెటకారం కానీ సిగ్గు కానీ లేదు. నిజంగానే మరిచిపోయింది.

లాంగ్‌మైర్ అని ఇంకో కాలేజీ మిగిలింది. అది ఊరి చివర కొండెక్కాక ఉంది. వాన మొదలైంది, బస్సు రాలేదు. "దాన్నెవరూ చూడ్డానికి వెళ్ళరులే," అంది కెర్రీ. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

దరఖాస్తు థార్న్‌బరో పేరుతో వెళ్ళింది. క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చిన కెర్రీ రెండు రోజులు అటూ ఇటూ తిరిగి మూడో రోజు నోరు విప్పింది.

"అమ్మా, ఆ కాలేజీ పేరు మార్చుకోవడం కుదురుతుందా?"

"ఎందుకు?"

"నువ్వొస్తున్నావని మావాళ్ళతో అన్నాను. అందరికీ తెగ నచ్చేసింది. మా ప్రిన్సిపాల్ అయితే, మీ అమ్మగారి లాంటివాళ్ళే మాక్కావాలి అంది. సెయింట్ బీగా పెట్టుకోరాదూ."

"నువ్వే వద్దన్నావు."

"అన్నాను. ఆ సంగతి వాళ్ళకి తెలియదు కదా."

క్లిఫ్ ఉడికించిన హ్యామ్ కోస్తూ తలెత్తలేదు. గ్లెనిస్ ఆలోచించింది. కొవ్వొత్తుల హాలు మళ్ళీ కళ్ళ ముందు మెరిసింది. కానీ నలుగురికీ నచ్చిందని తెలిశాక గానీ తల్లి పనికి రాలేదన్న మాట ఎక్కడో కాస్త గుచ్చుకుంది.

"గడువు దాటిపోయిందే," అంది. గడువు ఇంకా ఉంది.

ఆగస్టులో కబురొచ్చింది. చరిత్రలో సీటు వచ్చింది. కాలేజీ లాంగ్‌మైర్. ఆ ఏడాది థార్న్‌బరోని ఎవరూ కోరుకోరు కాబట్టి తేలిగ్గా దొరుకుతుందని చాలామందికి తోచిందట. తోచినవాళ్ళంతా దాన్నే పెట్టారు.

గ్లెనిస్ తలుపేసుకుని ఏడవలేదు కానీ ఆ సాయంత్రం టీ చేయడం మరిచిపోయింది. మూడు కాలేజీల్లో ఒకటి చూసి వద్దనుకుంది, ఒకటి కోరి పోగొట్టుకుంది, ఒకటి పంతానికి వదులుకుంది. దొరికింది మాత్రం వానకి జడిసి చూడ్డానికి కూడా వెళ్ళనిది.

"పోనీ రోజూ బస్సులో వెళ్ళి రాకూడదూ," అన్నాడు క్లిఫ్. "గంట ప్రయాణం. రాత్రికి మన మంచం మీదే పడుకోవచ్చు."

"వెళ్తే పూర్తిగానే వెళ్తాను క్లిఫ్. మొదటి ఏడాది అక్కడే ఉంటాను. ఆదివారాలకి నీ కోసం వండి ఫ్రీజర్లో పెడతాలే."

"నాకోసం కాదులే అడిగింది," అన్నాడు. అతని కోసమేనని ఇద్దరికీ తెలుసు.

అక్టోబరులో సామాను దించేటప్పుడు కూడా వానే. లాంగ్‌మైర్ చూడ్డానికి పాత బడిలా ఉంది, కారిడార్లలో పాలిష్ వాసన. మొదటి రోజు సాయంత్రం తలుపు తట్టి ఇద్దరు వచ్చారు. ఆ అమ్మాయి పేరు తబితా, ఊరు హారోగేట్. ఆ అబ్బాయి పేరు ఒబీ, లండన్ వాడు. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు.

"మేం మీ కాలేజీ తల్లిదండ్రులం అండీ," అంది తబితా. "కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండో ఏడాది వాళ్ళిద్దరు ఇలా ఉంటారు. మీకు మేం పడ్డాం. మీకు అభ్యంతరమైతే..."

"మరి మీకు?" అంది గ్లెనిస్.

"మాకు ఇంకో ఇద్దరు పిల్లలున్నారు," అన్నాడు ఒబీ. "కానీ మీరే బాగా చదివేలా ఉన్నారు."

వాళ్ళు ఆ బాధ్యతని చాలా గట్టిగా పట్టుకున్నారు. పాస్తా వండి తెచ్చేవాళ్ళు. లైబ్రరీలో ఎక్కువసేపు కూర్చుంటే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మొదటి వ్యాసానికి మార్కులు తక్కువొచ్చిన రోజున ఒబీ మంచం అంచు మీద కూర్చుని, ఇల్లు గుర్తొస్తోందా, పోనీ మీ అమ్మగారికి ఒకసారి ఫోన్ చేస్తారా అని అడిగాడు. గ్లెనిస్ తల్లి పోయి పదకొండేళ్ళయింది. కానీ అంత ఆప్యాయంగా అడిగినవాడిని చిన్నబుచ్చలేక, ఆదివారం చేస్తానంది.

నెల తిరిగేసరికి ఆవిడ మాట తీరు మారిపోయింది. ఫోన్లో క్లిఫ్‌తో "మాకు ఇవాళ భోజనంలో పుడ్డింగ్ పెట్టారు," అనేది. "ఆ థార్న్‌బరో వాళ్ళుంటారే, వాళ్ళకి బాతులు తప్ప ఏమున్నాయి," అనేది. ఆకుపచ్చ, వెండి చారల లాంగ్‌మైర్ మఫ్లరు మెడలోంచి తీయడం మానేసింది. కొండెక్కడం మోకాలికి మంచిదని డాక్టరు అన్నాడంది. డాక్టరు అలా అనలేదని క్లిఫ్‌కి తెలుసు.

కెర్రీకే ఇదంతా మింగుడు పడలేదు. తల్లికి ఊరు చూపించాలి, షాపులు చూపించాలి, తలనొప్పొస్తే మాత్రలు తెచ్చిపెట్టాలి అని లెక్కలు వేసుకుంది. ఎప్పుడు ఫోన్ చేసినా, తబితాతో ఉన్నానే, ఒబీ తెచ్చాడే, అన్న జవాబే వచ్చేది.

"తబితా నీకేమవుతుందమ్మా?" అంది ఒకరోజు వంతెన మీద కలిసినప్పుడు.

"అమ్మ అవుతుంది."

"నీకు యాభై నాలుగేళ్ళు."

"దానికేం, నన్ను బాగానే చూసుకుంటోంది. అన్నట్టు ఈ ఆదివారం నేను రాలేను. మా ఇంట్లో వాళ్ళతో భోజనం ఉంది."

"మా ఇంట్లో వాళ్ళా?" అంది కెర్రీ. మఫ్లరు సర్దుకుని వెళ్ళిపోయింది.

నవంబరు చివర్లో కెర్రీ వాళ్ళు అద్దెకున్న ఇంట్లో బాయిలర్ పాడైంది. గోడల నిండా అప్పటికే బూజు. ఇంటి యజమాని వచ్చే వారం చూస్తానన్నాడు. నలుగురు అమ్మాయిలూ తలో దిక్కుకీ చెదిరిపోయారు. సెయింట్ బీగాలో అతిథి గదులు ఖాళీ లేవు. చీకటి పడకముందే కెర్రీ ఒక సంచీ, ఒక దిండు పట్టుకుని కొండెక్కి లాంగ్‌మైర్ గేటు గదికి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, జుట్టంతా తడి. గ్లెనిస్ కిందికి దిగి వచ్చింది. తన మెడలో మఫ్లరు తీసి కూతురి మెడకి చుట్టింది. ఆ రంగులు చూసుకుని కూడా కెర్రీ దాన్ని తీసేయలేదు.

గేటు గదిలో కూర్చునే హెస్లప్ గారు అద్దాలు సర్దుకుని పెద్ద పుస్తకం ముందుకి లాక్కున్నాడు. ఆ గేటు దాటే ప్రతి ప్రాణినీ అందులోకి ఎక్కించనిదే ఆయనకి తోచదు.

"అతిథా అమ్మా? ఏమవుతారు మీకు?"

"కూతురు."

ఆయన కలం ఆగింది. "మొదటి ఏడాది వాళ్ళకి పిల్లలుండరమ్మా. రెండో ఏడాదిలో గానీ ఇవ్వరు."

"కాలేజీ కూతురు కాదండీ. సొంత కూతురు."

హెస్లప్ గారు ఇద్దరి మొహాలూ పరకాయించి చూసి, అలాంటి గడి పుస్తకంలో లేక, చివరికి మార్జిన్లో ఏదో రాసుకున్నాడు.

"సొంత కూతురంటే ఒక రాత్రికి మించి కుదరదు," అన్నాడు. "కాలేజీ బంధువులైతే మూడు రాత్రులు ఉండొచ్చు."

కెర్రీ తల్లి వైపు చూసింది. తడిసొచ్చిన పిల్లని పై కిటికీలోంచి చూసిందేమో, మెట్ల మీది నుంచి తబితా పరుగున దిగి వస్తోంది, ఒక చేతిలో వేడినీళ్ళ సంచీ, ఇంకో చేతిలో తువ్వాలు.

"ఎవరండీ ఈ అమ్మాయి?" అంది కెర్రీని చూసి.

"నీ మనవరాలు," అంది గ్లెనిస్.

తబితా ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే బంధువే కదండీ హెస్లప్ గారూ. మూడు రాత్రులు రాసేయండి," అంటూ తువ్వాలు కెర్రీ నెత్తిన వేసి తుడవడం మొదలెట్టింది.

కెర్రీ ఇంకా ఇరవై నిండని తన అమ్మమ్మకి తల వంచింది. హెస్లప్ గారు కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.