కంటి కొసన పోగు

దర్జీ ఎడమ కన్ను మూడేళ్లుగా కారుతూనే ఉంది. ఏడుపేమీ కాదు, కన్నీరు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయిందంతే. కొట్టుకొచ్చేవాళ్లు మొదట జాలిపడ్డారు. తర్వాత, "మా జాకెట్టు మేమే ఉతుక్కుంటాం మాస్టారూ, మీరు తడపక్కర్లేదు" అని నవ్వేవారు. పట్టు మీద మూడో మరక పడ్డాక కొట్టు యజమాని మాత్రం నవ్వలేదు.

"కన్ను బాగుచేయించుకుని రా. లేదంటే కత్తెర అక్కడ పెట్టి వెళ్లు."

ఆపరేషన్ అయింది. ముక్కు పక్కన ఎముకకు చిన్న కన్నం చేసి కన్నీటికి కొత్త దారి వేశారు. అది పూడకుండా సన్నటి గొట్టం పెట్టామనీ, మూడు నెలలు దాని జోలికి పోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది. బయట బల్ల మీద కూర్చున్న భార్యతో ఆయన అన్నది ఒక్క ముక్కే: "లోపల గొట్టం వేశారే."

పది రోజులు చెంప పొడిగా ఉంది. ఆయన అద్దం వదిలేవాడు కాదు.

"పెళ్లినాడు కూడా ఇంతసేపు చూసుకోలేదు మీరు" అని ఆవిడ దెప్పేది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన గట్టిగా తుమ్మి, మళ్లీ కునుకు తీశాడు. పక్కన గుండీలు కుడుతున్న ఆవిడ తలెత్తింది. ఆయన కంటి కొసన నైలాను దారంలాంటి పోగొకటి వేలాడుతోంది. ఎవరి ఒంటిమీద పోగు కనబడినా తీసి పారేయడం ఆ ఇంటి అలవాటు. గొట్టమంటే కనీసం వేలంత ఉంటుందని ఆవిడ లెక్క. చేతిలో చిన్న కత్తెర ఉండనే ఉంది. కటుక్కున కత్తిరించి, లాగి, పీలికల్లో పడేసింది.

మూడో నాటికి చెంప తడిసింది. డాక్టరమ్మ లైటు వేసి చూసింది.

"గొట్టం ఏదమ్మా?"

"పోగనుకున్నాను" అంది ఆవిడ.

"దారి పూడుకుపోతోంది. మళ్లీ చెయ్యాలంటే ఆర్నెల్లు ఆగాలి. ఈసారైనా నిలుస్తుందని మాటివ్వలేను."

దారిలో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒక్క మాట తిట్టండి."

"తిడితే తెరుచుకుంటుందా?"

యజమాని ఆర్నెల్లు ఆగలేదు. కొట్టులో ఆయన మిషను ముందు ఇప్పుడు వేరే మనిషి. ఇంటికి దిండు గలీబులు వస్తున్నాయి. వాటి మీద ఎన్ని నీళ్లు పడ్డా అడిగేవాళ్లు లేరు. ఆయన కుడతాడు, ఆవిడ పోగులు తుంచుతుంది, పళ్లతో కొరికి.

"కత్తెర ఇదిగోనే" అంటాడాయన.

ఆవిడ వినిపించుకోదు.