అత్యవసరం అనగా

"లోపల మనిషున్నారాండీ?"

ఫోనెత్తగానే ఆమె అడిగే మొదటి మాట అది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పదకొండేళ్ళుగా ఆమెది అదే కుర్చీ. లిఫ్టు ఆగిపోయి లోపల మనిషి చిక్కుకుంటే అత్యవసరం, గంటలోపు మెకానిక్కు వెళ్ళి తీరాలి. ఖాళీ లిఫ్టు ఆగిపోతే అది మర్నాటి సంగతి. తొమ్మిదో అంతస్తులో మంచినీళ్ళకైనా కిందికి దిగలేని ముసలాయన ఉన్నా సరే, ఆయన లిఫ్టు లోపల లేడు కాబట్టి ఒప్పందంలో లేనట్టే. ఫోన్లు మోగనప్పుడు ఆ ఒప్పందాలు టైపు చేసేది కూడా ఆమే.

ఆ రోజు పదకొండు గంటలకు మోగింది ఆమె సొంత ఫోను. అక్క.

"చిన్నీ, అమ్మకి ఆయాసం ఎక్కువైందే. డాక్టరు చూసి, రావలసిన వాళ్ళని రమ్మనమన్నాడు. వచ్చెయ్."

అక్క ఊరికి బస్సులో రెండు గంటలు. ఆమె లేచి మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు, ఆ తర్వాతే ఉద్యోగుల నిబంధనల పుస్తకం తీశాడు.

"అమ్మగారు ఎన్నాళ్ళుగా మంచంలో ఉన్నారమ్మా?"

"రెండేళ్ళండి."

"మరి అకస్మాత్తుగా అని నేనెలా రాయను చెప్పు? పైగా ఆవిడ ఉండేది మీ అక్కగారింట్లో."

ఆయన వేలు పెట్టి చూపించిన వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. 'అత్యవసరం అనగా, ముందుగా ఊహించుటకు వీలులేని విధముగా, అకస్మాత్తుగా, ఉద్యోగి కుటుంబములో సంభవించు ప్రాణాపాయము. కుటుంబము అనగా భార్య లేక భర్త, పిల్లలు, ఉద్యోగితో కలిసి నివసించు పెద్దలు.' ఆరేళ్ళ క్రితం ఆయన చెబుతుంటే టైపు చేసింది ఆమే. 'అకస్మాత్తుగా'లో ఒత్తు తప్పిపోతే మళ్ళీ కొట్టింది కూడా. వాక్యం భలే కుదిరిందని అప్పుడు ముచ్చటపడింది.

"ఫోన్ల దగ్గర ఇంకో అమ్మాయి కూడా ఇవాళ రాలేదు కదా. ఐదింటికి బయల్దేరు. రేపు మామూలు సెలవు పెట్టుకో" అన్నాడాయన.

బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసింది. పోతే పోయింది ఉద్యోగం, నువ్వు వెళ్ళు అంటాడేమోనని ఒక్క పిసరంత ఆశ.

"మొన్న కూడా ఇలాగే అన్నారుగా? నువ్వు పరిగెత్తుకెళ్ళేసరికి ఆవిడ లేచి కూర్చుంది. ఊరికే కంగారుపడి ఉద్యోగం మీదికి తెచ్చుకోకు" అన్నాడు.

ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తన అత్తింట్లో ఏవేవి కొంపలు మునిగే సంగతులో ఆమెకు తెలుసు. భర్త నీలం చొక్కా ఇస్త్రీ లేకపోతే మునుగుతాయి. అత్తయ్య కళ్ళజోడు కనబడకపోతే మునుగుతాయి. మామయ్యకు వేడినీళ్ళు పది నిమిషాలు ఆలస్యమైతే "ఈ ఇంట్లో మనుషులున్నారా?" అని వీధి దాకా వినబడుతుంది. ఏడేళ్ళ క్రితం, కడుపుతో ఉన్న మూడో నెలలో, వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడిపోయి, పాదాల దాకా కారుతున్న రక్తాన్ని చూపిస్తే మాత్రం "ఆడవాళ్ళకి ఇవన్నీ ఉండేవేగా, కాసేపు పడుకో, రేపు చూపించుకుందాం" అన్నారు. రేపటికి చూపించుకోవడానికేమీ మిగల్లేదు. అక్క కబురొచ్చిన ఆ మధ్యాహ్నమంతా ఫోన్లెత్తుతూనే ఉంది. లోపల మనిషున్నారాండీ, లోపల మనిషున్నారాండీ. తలుపుకు తాళం లేదు, చెయ్యిపట్టి ఆపినవాళ్ళూ లేరు. లేచి వెళ్ళిపోతే ఏమయ్యేది? ఆ తర్వాత ఆమెను లోపల్లోపల తినేసిన ప్రశ్న అదే.

నాలుగూ పదికి అక్క మళ్ళీ చేసింది. ఈసారి మాట్లాడలేదు, ఏడ్చింది.

"అయ్యో, వెళ్ళమ్మా, వెళ్ళు. మరణానికి మూడు రోజులుంది రూల్లో" అన్నాడు మేనేజరు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నాలుగో రోజున ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

నెల తిరిగింది. ఒక మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. "నాన్నకి జ్వరం. నూటరెండుంది. అమ్మ కంగారుపడుతోంది, నువ్వు సెలవు పెట్టి ఇంటికెళ్ళు. నాకిక్కడ మీటింగుంది."

సంగతి వినగానే మేనేజరు సెలవు కాగితం తన దగ్గరికి లాక్కున్నాడు. "మీతో కలిసుండే పెద్దాయనేగా? ఇదిగో, సంతకం పెట్టేస్తున్నా."

"వద్దండీ" అంది.

"ఇది రూల్లోకి వస్తుందమ్మా!"

"తెలుసండీ. టైపు చేసింది నేనే కదా. ఆయనకి కొడుకున్నాడు. ఇంటికి పది నిమిషాల దూరంలోనే పనిచేస్తాడు. నాకు రేపూ ఎల్లుండీ మామూలు సెలవు కావాలి."

భర్తకు ఫోన్ చేసి, "మీరు వెళ్ళండి. జ్వరం మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నాయి. నేను సాయంత్రం అక్క దగ్గరికి వెళ్తున్నా" అంది.

"అక్కడిప్పుడేముంది?"

 పెళ్ళయ్యాక మొదటిసారి, అవతలివాళ్ళ కన్నా ముందు ఫోన్ పెట్టేసింది.  

ఆమె వెళ్ళేసరికి అక్క లైటు వేసుకుని నేలమీద కూర్చుని అమ్మ బట్టలు సర్దుతోంది. పక్కన కూర్చుని ఆమె కూడా మడతపెట్టడం మొదలెట్టింది. చీరలన్నీ అయ్యాయి. నెల రోజులుగా గొంతు దాటని మాట అప్పుడు అడిగింది.

"అక్కా, అమ్మ నన్నడిగిందా?"

"అడిగింది. ఆఫీసులో ఉందమ్మా, సాయంత్రం బయల్దేరుతుంది అని చెప్పా."

"ఏమంది?"

అక్క చేతులు ఆగిపోయాయి.

"'అయితే దాన్ని తొందరపెట్టకే. నాకేమంత ఎక్కువగా లేదని చెప్పు' అంది."