వెనక వరస కుర్చీ

వైకీకీ తీరంలోని హోటల్లో టూరిస్టుల కోసం సాయంత్రం జరిగే లూఅవ్ విందుకి మామ్మ వస్తోంది. ఊళ్లో సగం మందికి హులా నాట్యం నేర్పిన మనిషి! అక్కడ నాట్యం చేసే కేహావుకి పొద్దుటి నుంచీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

ముందు వరసలో కూర్చోబెడితే తాము కట్టుకునే ఆ ప్లాస్టిక్ గడ్డి లంగాలు కంటబడతాయి. పైగా వ్యాఖ్యాత ముందు కూర్చున్నవాళ్లనే వేదిక మీదికి లాగి నడుము తిప్పమంటాడు. అందుకే అందరికంటే వెనక, కొబ్బరిచెట్టు పక్కన కుర్చీ వేయించింది.

"మామ్మా, ఇది మన హులా అనుకోకు. టూరిస్టుల సరదా కోసం. పంది మాంసం మాత్రం బాగుంటుంది, తింటూ కూర్చో."

"తిండి కోసమైతే ఇంట్లోనే తిందును కదే," అంది మామ్మ.

డోలు మోగింది. నవ్వు పులుముకుని వేదికెక్కిన కేహావు మొదట వెనక వరసకేసే చూసింది. కుర్చీ ఖాళీ. లేచి వెళ్లిపోయిందా?

మామ్మ వెళ్లలేదు. వేదిక ముందు గడ్డిలో, ఒళ్లో కంచం పెట్టుకుని చతికిలబడి ఉంది. లంగాల వంక చూడనే లేదు, మనవరాలి చేతులనే చూస్తోంది. చూస్తూ చూస్తూ, చిన్నప్పుడు పాఠం చెప్పేటప్పటిలాగే, తన మోచేతి మీద వేలితో టపటపా కొట్టింది.

వాలిపోతున్న కేహావు మోచెయ్యి దానంతటదే పైకి లేచింది.