నల్ల చొక్కాల మీద కరుణాకరం

దోసె పెనం పొయ్యి మీద పెట్టగానే దాని మీద తెల్లటి అక్షరాలు తేలాయి: టీలో చక్కెర ఎక్కువైంది.

"రేపు తగ్గిస్తాలే" అని ప్రేమకుమారి వాటి మీదే పిండి పోసేసింది.

ఆ మాట ఆమె భర్త కరుణాకరానిది. ఇరవై రెండేళ్లు మార్కాపురం పలకల గనిలో రాయి కొట్టాడు. దుమ్ముకు గొంతు పోయిన తర్వాత, అతను చెప్పదలచుకున్నది దగ్గర్లో ఏది నల్లగా ఉంటే దాని మీద బలపంతో రాసినట్టు కనిపించేది. గొడుగు మీద, ఆపేసిన టీవీ మీద, పక్కింటి రోశమ్మ గేదె మీద. రోశమ్మ పాలు పితుకుతూ చదివి, గోడ అవతలి నుంచే జవాబు కేకేసేది. పెద్ద మాటలేం ఉండేవి కాదు. ఉప్పు, ఉక్కపోత, బస్సు టైము.

ఆ సాయంత్రం కాలేజీ గ్రౌండులో మ్యూజికల్ నైట్. వాళ్ల కూతురు రూబీ డ్రమ్స్ వాయిస్తోంది. పదమూడో ఏట నుంచి చర్చిలో వాయిస్తున్న పిల్లే. తెల్లారితే బట్టల షాపులో బిల్లింగ్ పనికి చేరాలి. ఆ పని కోసం తల్లి నలుగురి కాళ్లావేళ్లా పడింది. సౌండ్ సిస్టం నాగరాజు ఇచ్చిన పోస్టరు మీద గిటారు, డ్రమ్స్, చేతులెత్తిన జనం ఉన్నారు. ప్రేమకుమారి ఎరిగినంతలో ఈ మూడూ కలిసి ఉండేది సువార్త సభ పోస్టరు మీదే. అందుకని ఇంకేమీ అడగలేదు. తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, భర్తనూ సంఘంలో పదిహేనుమందినీ తీసుకెళ్లి ముందు వరసలో కూర్చుంది.

వచ్చింది వైజాగ్ నుంచి ఊరూరా తిరుగుతున్న 'రాంగ్ ప్లాట్‌ఫాం' అనే పాప్ పంక్ బ్యాండు. వాళ్ల డ్రమ్మరు నంద్యాలలో కామెర్లతో పడిపోతే నాగరాజు రూబీని చూపించాడు. మూడు రోజులు కలిసి ప్రాక్టీసు చేశాక, ఇంకో నెల రోజులు తమతో రమ్మన్నారు. ఇంట్లో చెప్పే ధైర్యం రూబీకి రాలేదు. షో అవగానే వ్యాను ఒంగోలు బయల్దేరుతుంది.

మొదటి పాటకే, పాడే విక్టర్ సగం గుండుతో స్పీకరెక్కి దూకాడు. కుర్చీల వెనక మూడు వందల నల్ల టీషర్టులు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. ప్రేమకుమారి బైబిలు సంచిని ఒళ్లోకి లాక్కుంది. డ్రమ్స్ ఒక్క క్షణం ఆగిన చోట సంఘంవాళ్లు అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. విక్టర్‌కు అది తెగ నచ్చి, మళ్లీ కావాలనే ఆపించాడు. ఈసారి మూడు వందల మందీ అన్నారు.

ఆ ఊపులో అతను మైకులోనే అడిగేశాడు, రూబీ ఒంగోలు వస్తోందా లేదా అని.

ప్రేమకుమారి స్టేజీ ఎక్కి కూతురి చెయ్యి పట్టుకుంది.

"దిగు."

"నెల రోజులేనమ్మా."

"రేపు షాపులో చేరాల్సినదానివి. ఈ కోతిమూక వెంట యాడికి పోతావు?"

"కోతిమూకేంటి ఆంటీ" అన్నాడు విక్టర్.

"నువ్వు ముందు మిగతా సగం గుండు కూడా కొట్టించుకోని రా నాయనా, అప్పుడు మాట్లాడుదువు." భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, చెప్పు నీ కూతురికి."

కరుణాకరం కుర్చీలోంచి లేవలేదు. అతని వెనక నిలబడ్డ కుర్రాళ్ల టీషర్టుల మీద ఒక్కో మాట తేలడం మొదలైంది. ఎవరి ఛాతీ వాళ్లు చూసుకుని, పక్కవాడిది చదివి, వరస సరిచేసుకున్నారు. "ఒరే పవన్, నువ్వు 'పోలేదు'. 'పిలిచినారు' పక్కకు రా" అని ఒకడు ఇంకొకణ్ణి లాగాడు. ప్రేమక్క చదివేదాకా ఎవరూ కదలొద్దని నాగరాజు మైకులో చెప్పాడు.

కురిచేడు బ్యాండుమేళం వాళ్లు డ్రమ్ము వాయించేదానికి నన్ను పిలిచినారు. పోలేదు. మా అమ్మ వద్దనింది. గనికి పోయినా. పిల్లను పోనీ.

ప్రేమకుమారి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. ఈ మనిషి డ్రమ్ము వాయించగలడని కూడా ఆమెకు తెలియదు.

"నాకెప్పుడూ చెప్పలేదే" అంది. మైకు పక్కనే ఉండటంతో గ్రౌండంతా వినిపించింది.

స్టేజీ అంచున నిలువెత్తు స్పీకరు మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: నువ్వు అడగలేదు.

కూతురి చెయ్యి ఎప్పుడు వదిలిందో ఆమెకే తెలియలేదు. తేరుకుని, మీలో ఆడపిల్ల ఎవరైనా ఉందా అని విక్టర్‌ను అడిగింది. బేస్ గిటారు వాయించే షారోన్ చెయ్యెత్తింది.

"దీన్ని నీ పక్కనే పడుకోబెట్టుకో. దీనికి వంకాయ పడదు, దద్దుర్లొస్తాయి."

రూబీ డ్రమ్ము పుల్లలు ఒకదానికొకటి నాలుగు సార్లు కొట్టింది. కుర్రాళ్లు ఎగిరారు. 'పోలేదు' ఒక మూలకు, 'పోనీ' ఇంకో మూలకు కొట్టుకుపోయాయి.

మర్నాడు తొమ్మిదింటికి ప్రేమకుమారి షాపుకు ఫోన్ చేసి పిల్ల రాదని చెప్పింది. తర్వాత స్టూలు లాక్కుని భర్తకు ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతాండా" అంది. "మొదటినుంచి చెప్పు."