ఆవ ఎప్పుడు కలపాలి?

నేను ఒక కంప్యూటర్ని. మండపేటలో వంటల విశ్వపతిగారింట్లో, నెయ్యి డబ్బాల పక్కన నా కాపురం. నా ఒళ్ళు ఒక దేశంలో, మెదడు ఇంకో దేశంలో తయారై, కాకినాడ దుకాణంలో మరలు బిగిస్తే ఒకటయ్యాయి. మొదట ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో చేరాను. అక్కడ నాచేత పని కంటే పేకాటే ఎక్కువ ఆడించారు. తరవాత ఒక ట్యుటోరియల్ కాలేజీ. అది మూతపడ్డాక విశ్వపతిగారు నన్ను కొని బొట్టు పెట్టారు. దసరాకి నా నెత్తిన అక్షతలు వేస్తారు. అవి లోపలికి జారి ఫ్యాన్‌లో పడతాయి. భక్తి ముంచుకొచ్చినప్పుడు ఫ్యాన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నాకు అప్పగించిన పని ఒక్కటే, వంటకాల జాబితా టైపు చేసి పంపడం. ఈ ఏడు స్వామి కల్యాణానికి ఎవరు వండాలో తేల్చడానికి, సాయంత్రంలోగా జాబితా పంపమన్నారు ఆలయ కమిటీవారు. తండ్రి కాలం నుంచీ ఆ వంట వీళ్ళదే. తీరా ఆయన నన్ను తెరిచేసరికి నా ముఖం నల్లబడి, ఇందులో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ అసలు సరుకు కాదు, దొంగ నకలు అని కనిపించింది. అది ట్యుటోరియల్ వాళ్ళ నిర్వాకం. ఎవరేం పెడితే అది తినే జాతి మాది.

ఆయన భార్య భ్రమరాంబగారు అది చదివారు. "దొంగసొత్తుతో స్వామివారి జాబితా రాస్తారా?"

"ఇన్నాళ్ళూ రాయలేదూ?"

"తెలీక రాశాం. ఇప్పుడు తెలిసిందిగా."

విశ్వపతిగారు కంప్యూటర్లు బాగుచేసే ప్రభుదాసుని పిలిపించారు. అతను నన్ను చూసి, "ఆ దొంగ సాఫ్ట్‌వేర్ తీసేసి లినక్స్ వేస్తానండి గురువుగారూ. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రేఆఫీస్ ఉందండి. కొనక్కర్లేదు, దొంగతనమూ కాదు" అన్నాడు.

"ఊరికే ఎవడిస్తాడయ్యా?"

"అన్నదానంలో మీరు వడ్డించట్లేదా అండీ?"

"అది పుణ్యానికి."

"వీళ్ళలో కొందరు సరదాకి రాస్తారండి, కొన్ని కంపెనీలు వాళ్ళ అవసరానికి రాయిస్తాయండి. వండింది పెట్టి ఊరుకోరు, ఎలా వండారో కూడా చెప్తారు. ఎవరన్నా చూడొచ్చు, మార్చుకోవచ్చు, తప్పుంటే దిద్ది మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారండి."

మధ్యాహ్నానికి నాకు కొత్త ప్రాణం వచ్చింది. పాత జాబితా తెరుచుకుంది. కొత్త కాపురం కదా, అప్పడాలు ఒక గడి జరిగి పాయసంలో పడ్డాయి. వాటిని పైకి లాగి, వేళకి పంపించారు. వంట వీళ్ళకే వచ్చింది.

విశ్వపతిగారికి మాత్రం నిద్ర పట్టలేదు. దానం పట్టి ఊరుకోవడం వాళ్ళ ఇంటావంటా లేదు. మర్నాడు ప్రభుదాసుని పిలిచి కూలీ, పళ్ళూ తాంబూలం ఇచ్చి, "రాసినవాళ్ళకీ ఇవ్వాలి. అడ్రసు చెప్పు" అన్నారు.

"లోకమంతా ఉన్నారండి. మీకొచ్చిందేదో మీరూ నలుగురికీ ఇవ్వండి."

"పనసపొట్టు కూర రాయండి" అన్నారు భ్రమరాంబగారు.

ఆయన ముఖం వాడిపోయింది. జనం ఆయన్ని పిలిచేదే ఆ కూర కోసం. ఆవ కలిపే వేళకి సహాయకులందరినీ బయటికి పంపేస్తారు.

"అది ఇచ్చేస్తే మనల్నెవరు పిలుస్తారే?"

"ఇవ్వకపోతే, పుచ్చుకున్నది అరుగుతుందా మీకు?"

వంటవాళ్ళందరూ కలిసి రాసుకునే ఒక వెబ్‌సైట్‌లో, ప్రభుదాసు సాయంతో కూర రాశారు. కానీ ఆవ దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. ఆవ ముద్ద కూర దించాక కలపాలి. పొయ్యి మీదుండగానే కలపమని రాసేశారు. ఇచ్చినట్టూ అయింది, దాచుకున్నట్టూ అయింది. దేవుడి దగ్గర కూడా ఇలాగే సరిపెడతారా అని నాకు అనుమానం.

మర్నాడు పొద్దున్నే విజయనగరం నుంచి ఒకావిడ దాన్ని దిద్దేసింది: "పొయ్యి మీద ఆవ వేస్తే చేదెక్కుతుంది బాబూ. దించాక కలపండి. నూరేటప్పుడు చెంచాడు నానిన బియ్యం వేస్తే ఇంకా కమ్మగా ఉంటుంది."

"నా కూరని దిద్దడానికి ఈవిడెవరు?" అని విశ్వపతిగారు చిందులు తొక్కారు. ఆ పూటే బియ్యం నానబోశారు. కూర వండి తిన్నారు. మారు వడ్డించుకున్నారు.

కల్యాణం రోజు కూడా అలాగే వండారు. పంక్తి లేవకముందే కూర ఖాళీ. కమిటీ ప్రెసిడెంటుగారు చెయ్యి కడుక్కుని వచ్చి, "కూర మా ఇంట్లోనూ వండారండి, మీరు రాసింది చూసి. ఈ రుచి రాలేదు. వచ్చే ఏడూ మీరే రావాలి. ఈసారి ఏం కలిపారేంటి?" అని అడిగారు.

"ఆయ్, బియ్యమండి. విజయనగరం ఆవిడ చలవ. అక్కడ నేను రాసినదాని కిందే ఆవిడ దిద్దింది ఉందండి, చూసుకోండి" అన్నారు విశ్వపతిగారు. నేనక్కడ లేను. భ్రమరాంబగారు ఇంటికొచ్చి ప్రభుదాసుకి చెబుతుంటే విన్నాను.

ఆయన పూర్తిగా మారిపోయారనుకోకండి. నిన్న గుమ్మడికాయ దప్పళం రాశారు. అందులోనూ ఒకచోట కావాలనే తప్పు పెట్టారు. దాచుకోవడానికి కాదు, ఎవరు పట్టుకుంటారో చూద్దామని. ఈ పొద్దున సంధ్య వార్చుకుని, తడిచెయ్యి తుడుచుకుంటూ నా ముందు కూర్చుని, భార్యతో అన్నట్టే నాతో, "ఏమే, ఎవరన్నా దిద్దారా?" అన్నారు.