దేవుడి పుంజు

మా ఆయన కృపారావుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం మందిరంలో మాత్రం గొప్ప ప్రార్థనాపరుడు. మా అమ్మాయి ఆలిస్ టైఫాయిడ్ నుంచి లేచినందుకు కృతజ్ఞతగా, కోతకాల పండగకి ప్రభువుకిస్తానని నేనొక ఎర్ర పుంజును పెంచాను. పండగ వారం ఉందనగా అది మాయమైంది.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు ఎర్రయ్యది. గూడ్సు బండి గార్డు. వాళ్లు హిందువులు, మేం క్రైస్తవులం, అయినా రెండిళ్లకీ కోళ్లగూడు ఒకటే. ఆ రోజు వేకువనే ఎర్రయ్య డ్యూటీకి వెళ్లాడు. తెల్లారి చూస్తే గూట్లో అతని పుంజు ఉంది, మాది లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు మా ఆయన. అడుగుదామంటే ఎర్రయ్య భార్య పుట్టింట్లో ఉంది.

నాకు మనసొప్పలేదు. ఆలిస్ జ్వరంతో మూలుగుతుంటే వానలో గోల్‌బజార్ పరుగెత్తి మందు తెచ్చింది ఎర్రయ్యే. న్యాయం దేవుడికి అప్పగించి ఊరుకోమన్నాను.

"అప్పగించినానే. పేరూ, క్వార్టర్ నంబరూ కూడా సెప్పినాను," అన్నాడు.

దేవుడికి మతిమరుపైనట్టు పొద్దున్నా రాత్రీ గుర్తు చేస్తూనే ఉన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పండగ నాడు సంఘం ముందు ఎర్రయ్య పేరెత్తి ప్రార్థిస్తానన్నాడు. మా మందిరంలో పలికిన మాట సాయంత్రానికల్లా సెటిల్‌మెంటంతా తిరుగుతుంది. ఆ తర్వాత ఎర్రయ్య మా గడప తొక్కుతాడా? ఎంత బతిమాలినా వినలేదు.

పండగ నాడు మందిరం గుమ్మడికాయలతో, అరటి గెలలతో నిండిపోయింది. మా ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తప్ప. దేవుడి సొత్తు దొంగిలించినవాడికి ఈ గడియలోనే, అందరి ఎదుటా తీర్పు తీర్చమని గొంతెత్తాడు.

అప్పుడే గుమ్మంలో ఎర్రయ్య కనిపించాడు. ఒంటి మీద తెల్ల యూనిఫారం, చంకలో నా పుంజు. బండి దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. వెనక వరసలో ఉన్న నా దగ్గరికొచ్చి వంగాడు.

"తప్పయిపోనాది ఒదినా. సీకట్లో నా పుంజనుకుని దీన్ని బాలాసోర్‌లో మా సెల్లి కాడికి అట్టుకుపోనాను. తెల్లారి సూస్తే నీది. దేవుడికిచ్చిందాన్ని మేమెలాగ తింతాం?"

పాపం, చెల్లెలింట్లో పప్పుతో సరిపెట్టుకున్నారట. తిరుగు డ్యూటీ పండగ రోజుకి గానీ పడలేదట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అటు మా ఆయన, "ఆ మనిషి పేరు, ప్రభువా..." అనేశాడు. లేచి ఆపడానికి వ్యవధి లేదు. వారం రోజులుగా ఆయనకి చెప్పిందే నాకు నేను చెప్పుకున్నాను. ప్రభువా, ఇది నీ చేతిలోనే ఉంది.

పుంజు మందిరం దద్దరిల్లేలా కూసింది.

మా ఆయన కళ్లు తెరిచాడు. పుంజును చూశాడు, దాన్ని మోసుకొచ్చిన మనిషిని చూశాడు. చేతులు పైనే ఉండిపోయాయి, చెవులు ఎర్రబడ్డాయి. పాస్టరుగారు ఒక కన్ను తెరిచి చూస్తున్నారు. ఇంట్లో నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో మా ఆయన ప్రార్థన ముగించాడు.

"...ఎర్రయ్య. అతన్ని దీవించు తండ్రీ. నన్ను క్షమించు."

సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది ఎర్రయ్యే.